ఓర్విల్ చదివిన పుస్తకాలు

మార్లిస్ ఎక్‌బర్గ్ ఎవరినీ ఏమీ అడగదు. ఓర్డాల్ లైబ్రరీలోకి ఎవరైనా వచ్చి చదవడానికి మంచి పుస్తకం ఇమ్మంటే, ముఖం ఒకసారి, బూట్లు ఒకసారి చూసి, తిన్నగా ఒక అర దగ్గరికి నడిచి, ఒక పుస్తకం తీసి చేతిలో పెడుతుంది. "ఇది తీసుకెళ్ళు" అంటుంది, అంతే. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. స్కూలు బస్సు నడిపే లాయిడ్‌కి సముద్రంలో ఓడలు మునిగే కథల పిచ్చి పట్టించింది ఆవిడే. అతను పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసిన పాపాన పోలేదు. పాస్టర్ గారి భార్యకి విషప్రయోగాల కథలు మరిగించిందీ ఆవిడే. ఆ మహాతల్లి ఇప్పుడు మొదటి అధ్యాయంలో శవం కనపడకపోతే పుస్తకం మూసేస్తుంది. మందుల షాపు ఆయనకి వంటల పుస్తకాలు, ఆయన కూతురికి రాజులూ యుద్ధాలూ, ఎనభై దాటిన ముసలమ్మలకి పదహారేళ్ళ పిల్లల ప్రేమకథలు. ఎవరికి ఏది పడుతుందో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే.

మార్చిలో కియా వాంగ్ వచ్చేదాకా అంతే.

కియా, యుద్ధమప్పుడు దేశం వదిలి వలస వచ్చిన హ్మాంగ్ జనంలో పుట్టి, సెయింట్ పాల్ నగరంలో పెరిగిన పిల్ల. ముప్ఫై నిండలేదు. వచ్చే ఏడాది మార్లిస్ రిటైరవుతుంది కనక ముందే పని నేర్చుకోమని కౌంటీ వాళ్ళు పంపించారు. మార్లిస్ ఆ అమ్మాయికి కిటికీ పక్కన చిన్న బల్ల వేయించి, ఊడిపోయిన అట్టలు అతికించే పని అప్పజెప్పింది. రెండు వారాలు తిరిగేసరికి జనం ఆ బల్ల దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. ఆ పిల్ల అడుగుతుంది. అదీ ఎలాంటి ప్రశ్నలని. ఈమధ్య పగలబడి నవ్వింది దేనికి? చిన్నప్పుడు ఏ ఆటలో పడితే తిండి మర్చిపోయేవారు? పోయినవాళ్ళలో ఒకరు మళ్ళీ వచ్చి ఒక పూట కూర్చుంటానంటే ఎవరిని పిలుస్తారు? ఓర్డాల్ మనుషులు కాలు విరిగి మంచం మీద ఉన్నా, ఎలా ఉందంటే, ఫర్వాలేదు, రెండోది బాగానే ఉంది అనే రకం. ఈ ప్రశ్నలకి వాళ్ళు నోరు విప్పరని మార్లిస్ ధీమా. విప్పారు. లాయిడ్ చిన్నప్పుడు సీసాల్లో మిణుగురులు పట్టిన సంగతి అంతా చెప్పుకుని, పురుగుల గురించి రాసిన లావుపాటి పుస్తకం ఒకటి, దాని మీద కవితల పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. లాయిడ్ ఏమిటి, కవితలేమిటి. ఆ పూట మార్లిస్‌కి తెచ్చుకున్న శాండ్‌విచ్ గొంతు దిగలేదు.

ఇది అసూయేనని ఆవిడకి తెలుసు. తనలో తను ఒప్పుకోవడానికి మొహమాటం కూడా లేదు. ఆ పిల్ల నవ్వితే ఒళ్ళు మండేది. పొద్దున్నే వచ్చి తనకంటే ముందు కాఫీ పెట్టేస్తే మండేది. వాళ్ళమ్మ చేసిందని ఒకరోజు కూరగాయలు చుట్టిన రోల్స్ డబ్బాలో పెట్టుకొచ్చింది. మార్లిస్ వద్దు వద్దంటూనే మూడు తింది, అవి అంత బాగున్నందుకు సాయంత్రం దాకా కోపంగా ఉంది. పాస్టర్ గారి భార్య హాస్యకథల పుస్తకం పట్టుకుని బయటికి వెళ్ళిన రోజున అయితే బల్ల మీద ముద్రల్ని గట్టిగట్టిగా గుద్దింది, కవలపిల్లలిద్దరు పిల్లల అరల వెనక నుంచి తల పైకెత్తి చూసేలా.

పోయేవాళ్ళని పోనీ అనుకుంది చివరికి. ఓర్విల్ హాగెన్ ఒక్కడు ఉంటే చాలు.

ఓర్విల్ ఊరికి ఉత్తరాన సోయా, మొక్కజొన్న పండించే రైతు. డెబ్భై దాటాయి. మనిషి గోదాములా ఉంటాడు, మాట్లాడితే వాతావరణం గురించి మాట్లాడతాడు, లేకపోతే లేదు. కానీ ఇరవై ఏళ్ళుగా ప్రతి గురువారం టోపీ చేతిలో పట్టుకుని వచ్చి, తెచ్చిన పుస్తకం బల్ల మీద పెట్టి, దాని గురించి ఒకటి రెండు మాటలు చెప్పేవాడు. ఆ మాటలు విని మార్లిస్ వారమంతా వాటినే తలుచుకునేది. ఒకసారి ఒక నవల గురించి, "ఆ డాక్టరు మంచివాడే, కానీ తన మంచితనం ఎవరైనా చూస్తున్నారా లేదా అని వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉంటాడు" అన్నాడు. ఇంకోసారి, "ఈ రచయిత్రికి పిల్లలంటే ఇష్టం, పెద్దవాళ్ళని మాత్రం పని ఉంది కనక పిలిచింది" అన్నాడు. ఎరువుల వాసన వేసే ఆ మనిషి నోటి నుంచి ఇలాంటివి వస్తే మార్లిస్‌కి ఊపిరాడేది కాదు. అతని కోసం పక్క జిల్లాల నుంచి పుస్తకాలు తెప్పించింది. ప్రయాణాలు, జీవితచరిత్రలు, రష్యా వాళ్ళవి, ఐస్‌లాండ్ వాళ్ళవి, పాత ఉత్తరాల సంపుటాలు, ఒక తేనెటీగల పెంపకందారు రాసుకున్న ఆత్మకథ. ప్రతిదానికీ ఒక మాట తిరిగి వచ్చేది. ఆ మాటని బట్టి తరవాతి పుస్తకం వెతికేది. ఇంతకంటే మంచి పాఠకుడు ఈ రాష్ట్రంలో ఏ లైబ్రరీకీ లేడని ఆవిడ పందెం కాసేది.

పైగా అతను థోరా మొగుడు. అందులో ఉన్న రుచి వేరు.

థోరా, మార్లిస్ ఒకే బళ్ళో చదువుకున్నారు. పాత లైబ్రేరియన్ మానేసినప్పుడు ఆ ఉద్యోగానికి ఇద్దరూ పెట్టుకున్నారు. థోరాకి మార్కులెక్కువ, చదువెక్కువ. మార్లిస్‌కి కమిటీలో మేనమామ ఉన్నాడు. ఉద్యోగం మార్లిస్‌కి వచ్చింది. ఆ లైబ్రరీ తలుపు దాటి లోపలికి అడుగుపెట్టనని థోరా చర్చి బేస్‌మెంట్‌లో అందరి ముందూ అంది, అన్న మాట మీద చచ్చేదాకా నిలబడింది. ఇద్దరూ ముఖాముఖి పడితే చలి గురించి మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళు. అక్కడితో సరి. ఉద్యోగం గెలిచినా మార్లిస్‌కి థోరా అంటే కళ్ళు కుట్టడం మానలేదు. థోరాకి ఇల్లుంది, ముగ్గురు పిల్లలున్నారు. చర్చిలో ఏ పళ్ళెంలోనైనా చివరి ముక్క తీసుకోవడానికి ఎవరికీ చెయ్యి రాదు, అది అక్కడే ఎండిపోతుంది. థోరా నిమ్మరసంతో చేసిన తీపి బార్లు తెచ్చిన రోజున మాత్రం పళ్ళెం నాకినట్టు ఖాళీ అయ్యేది. అన్నిటికీ మించి థోరాకి ఓర్విల్ ఉన్నాడు. అంత సూక్ష్మంగా ఆలోచించే మనిషిని కట్టుకుని, ఈవిడ అతనికి బంగాళాదుంపలూ మాంసమూ కలిపి కాల్చిన హాట్‌డిష్ వడ్డించి ఊరుకుంటుంది కాబోలు అనుకునేది మార్లిస్. అందుకే గురువారం గురువారం ఆ మొగుడు తన బల్ల దగ్గరికి వచ్చి మనసు విప్పి వెళ్తుంటే, ఉద్యోగం గెలిచిన రోజుకన్నా ఎక్కువ గెలిచినట్టుండేది.

పోయిన అక్టోబరులో థోరా పోయింది. ఓర్విల్ రెండు వారాలు రాలేదు. తరవాత మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పుస్తకాలు తీసుకెళ్ళాడు, కానీ తిరిగిచ్చేటప్పుడు "బాగుంది" అని మాత్రమే అనేవాడు. దిగులు అనుకుంది మార్లిస్. దిగులు తీరాక మాటలు అవే వస్తాయని ఓపిగ్గా కూర్చుంది.

ఏప్రిల్ మొదట్లో, సరస్సు మీద మంచు ఇంకా కరగకముందు, ఓర్విల్ కియా బల్ల దగ్గర ఆగాడు. మార్లిస్ చూస్తుండగానే ఆగాడు. ఆ పిల్ల ఏదో అడిగింది, అతను చెప్పాడు, ఇద్దరూ కలిసి పిల్లల అరల వైపు నడిచారు. అతను బయటికి వెళ్ళేటప్పుడు చేతిలో ఉన్నది, ఒక కుర్రాడు పందిపిల్లని మంచు మీద జారే స్లెడ్డు బండి మీద కట్టుకుని గడ్డకట్టిన నది దాటే కథ. పేజీకో బొమ్మ. అట్ట మీద, తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి అని రాసి ఉంది. తరవాతి గురువారం దాని రెండో భాగం, ఆ పైన బొమ్మలతో నడిచే కౌబాయ్ కథలు. మార్లిస్‌కి ఆ వారం నిద్ర పట్టలేదు. ఐస్‌లాండ్ వాళ్ళని చదివిన మనిషి చేతిలో పందిపిల్ల. తన ఇరవై ఏళ్ళ పంటని ఎవరో పశువుల్ని తోలి మేపేసినట్టనిపించింది.

అప్పుడు ఆవిడకి గుర్తులు గుర్తొచ్చాయి.

ఓర్డాల్‌లో పాత పాఠకులకి ఒక అలవాటుంది. పుస్తకం చదివేశాక, మళ్ళీ పొరపాటున అదే తీసుకెళ్ళకుండా, ఒక పేజీ అడుగున పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటారు. ఎవరి పేజీ వాళ్ళది, ఎవరి గుర్తు వాళ్ళది. లాయిడ్‌ది పదో పేజీలో నక్షత్రం. పాస్టర్ గారి భార్యది యాభయ్యో పేజీలో చిన్న శిలువ, హత్యల పుస్తకాల్లో కూడా. లైబ్రరీ నియమాల ప్రకారం ఇది తప్పే, కానీ మార్లిస్ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఓర్విల్ పుస్తకాల్లో ఇరవై ఏడో పేజీలో, అంకె కింద, బఠాణీ గింజంత సున్నా, దానికో తోక ఉంటుంది. పూర్తిగా చదివితేనే పెడతారు, మధ్యలో వదిలేస్తే పెట్టరు. ఆ విషయంలో ఓర్డాల్ వాళ్ళకి చర్చి ప్రమాణం కంటే నిష్ఠ ఎక్కువ.

కియా భోజనానికి వెళ్ళినప్పుడు మార్లిస్ పిల్లల అర దగ్గర కూర్చుని పందిపిల్ల పుస్తకం తెరిచింది. ఇరవై ఏడో పేజీ. గుర్తు లేదు. రెండో భాగంలోనూ లేదు. కౌబాయ్‌లలోనూ లేదు. ఎన్నో రోజుల తరవాత ఆవిడకి హాయిగా ఊపిరి ఆడింది. చదవలేదు. మర్యాదకి పట్టుకెళ్ళి, అలాగే తెచ్చి ఇచ్చేశాడు, అంతే. ఆ సంతోషంలో ఇంకాస్త సంతోషం కావాలనిపించి, తను ఇచ్చిన పుస్తకాల్లో ఆ బఠాణీ గింజని కళ్ళారా చూసుకుందామని లేచింది. చలికాలంలో ఇచ్చిన నవల తీసింది. గుర్తు లేదు. డిసెంబరులో ఇచ్చిన జీవితచరిత్రలో లేదు. నవంబరు దాంట్లో లేదు. వేసవిలోవి తీస్తే ఒక్కొక్క దాంట్లో తోకతో సహా ఉంది. అంటే పెళ్ళాం పోయినప్పటి నుంచి అతను అసలు చదవడమే మానేశాడన్నమాట. మార్లిస్ ఆ అరల మధ్యే నేల మీద కూర్చుని కాసేపు అతని కోసం బాధపడింది. ఆ బాధ కాస్త చల్లారగానే కియా మీద కోపం మళ్ళీ రాజుకుంది.

కియా తిరిగొచ్చేసరికి వెనక గదిలోకి పిలిచి తలుపేసింది.

"పెళ్ళాం పోయి ఆర్నెల్లయింది ఆ మనిషికి. పుస్తకం పట్టుకునే ఓపిక లేదు. నువ్వు పందిపిల్లని అంటగట్టావు. నీ మొహం చూసి కాదనలేక మోసుకెళ్తున్నాడు, ఒక్క పేజీ తిప్పలేదు. నాకు రుజువుంది."

కియా నెమ్మదిగా, "చదివారండి. ఆ పందిపిల్ల మంచులో కూరుకుపోయినప్పుడు ఎలా అరుస్తుందో నా బల్ల దగ్గర నిలబడి అరిచి చూపించారు. మీరప్పుడు బ్యాంకుకి వెళ్ళారు" అంది.

"ఓర్విల్ హాగెన్ అరిచాడా."

"రెండుసార్లు. మొదటిసారి సరిగ్గా రాలేదని."

మార్లిస్ నమ్మలేదు. జాలిపడి నటిస్తున్నాడనుకుంది. ఆ పిల్ల కోసం నటించేంత చనువు ఎప్పుడొచ్చిందా అని ఆలోచిస్తే అది ఇంకా ఎక్కువ మండింది. గురువారం వచ్చేదాకా, అతన్ని ఏం అడగాలో ఇంట్లో గిన్నెలు కడుగుతూ, దారిలో బండి నడుపుతూ అనుకుంటూనే ఉంది. తన పాఠకుణ్ణి తను వెనక్కి తెచ్చుకోవాలి. వచ్చే ఏడాది ఆ కుర్చీ ఎలాగూ పోతుంది. ఓర్విల్ కూడా పోతే, ఇంతకాలం ఆ కుర్చీలో కూర్చుని చేసిందేమిటో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

గురువారం ఓర్విల్ కిటికీ బల్ల వైపు రెండడుగులు వేశాడో లేదో మార్లిస్ పిలిచింది. ఒక వైపు పందిపిల్ల పుస్తకం, ఒక వైపు చలికాలం నవల తెరిచి పెట్టి, రెండింట్లోనూ ఇరవై ఏడో పేజీ చూపించింది.

"నువ్వు గుర్తు పెట్టడం మానేశావు ఓర్విల్. చదవడం లేదని నాతో చెప్తే నేనేమన్నా అనేదాన్నా? ఆ అమ్మాయి దగ్గర దేనికి ఈ నాటకం?"

ఓర్విల్ ఆ పేజీల వైపు చూశాడు. చేతిలో టోపీని గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు.

"నేను పుస్తకం మీద ఎప్పుడూ పెన్సిల్ పెట్టలేదు మార్లిస్. అది థోరాది" అన్నాడు.

తరవాత అంతా చెప్పాడు. అతనంతసేపు మాట్లాడడం మార్లిస్ ఎప్పుడూ వినలేదు. ఈ తలుపు దాటనని థోరా అందరి ముందూ అనేసింది. పుస్తకాలు లేకుండా ఉండలేదు. ఇంకో లైబ్రరీ నలభై మైళ్ళు. కొన్నేళ్ళు ఆ నలభై మైళ్ళూ వెళ్ళింది, తరవాత మోకాళ్ళు పట్టేశాక అతన్ని ఇక్కడికి పంపింది. తన పేరు ఎత్తకూడదని ఒట్టేయించుకుంది. ఊరికే తిరిగిచ్చేస్తే మార్లిస్‌కి నా రుచి ఎలా తెలుస్తుంది అని, ప్రతిసారీ పుస్తకం గురించి ఏం చెప్పాలో అతనికి నేర్పి పంపేది. అతను ట్రక్కులో దారి పొడుగునా పైకి అప్పజెప్పుకుంటూ వచ్చేవాడు. ఒకసారి రైలు గేటు దగ్గర ఆగినప్పుడు మొత్తం మర్చిపోయి, బండి వెనక్కి తిప్పుకుని ఇంటికి వెళ్ళి మళ్ళీ చెప్పించుకున్నాడట. ఆ డాక్టరు వెనక్కి తిరిగి చూసుకోవడం ఏమిటో తనకి ఇప్పటికీ అర్థం కాలేదన్నాడు.

"మరి పోయాక కూడా ఎందుకు తీసుకెళ్ళావు?"

"నువ్వు తీసిపెట్టి ఉంచేదానివి. తీసుకోకపోతే ఏం బాగుంటుంది? ఒకటి రెండు మొదలుపెట్టాను కూడా. మంచు గురించి చదివి చదివి నిద్రొచ్చింది." కిటికీ వైపు తల తిప్పాడు. "ఈ పిల్ల నన్ను అడిగింది. నీకేం కావాలని. నాకు ఒక కథ కావాలన్నాను, అందులో పశువులుండాలన్నాను."

మార్లిస్ ముఖంలో ఏం కనపడిందో, అతను గబగబా, థోరా నిన్ను ఎప్పుడూ తిట్టలేదు అన్నాడు. తరవాత ఒక్క క్షణం ఆగి, తిట్టింది కానీ పుస్తకాల విషయంలో కాదు అన్నాడు. ఆ ఉద్యోగం తనదేనని చివరిదాకా అనేది. ఒక్కసారి మాత్రం, ఆ కుర్చీలో నేనే కూర్చుని ఉంటే నాకు పుస్తకాలు ఎవరు తీసిపెట్టేవాళ్ళు అందట.

మార్లిస్ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళు ఈర్ష్యపడింది, అంత మనసున్న మనిషి థోరాకి దొరికాడని. ఆ మనసు థోరాదే. గురువారం గురువారం తను వెతికి వెతికి పుస్తకాలు పంపింది థోరాకే.

"చివరిది నా దగ్గరే ఉంది. ఇవ్వడం మర్చిపోయాను, ఆలస్యమైనందుకు ఎంతైతే అంత ఇస్తాను" అన్నాడు ఓర్విల్. కోటు జేబులోంచి తీసి పెట్టాడు. అక్కచెల్లెళ్ళిద్దరు ఒక దీవి మీద ఒకే ఇంట్లో, మధ్యలో గోడ కట్టుకుని, మాటలు లేకుండా బతికే నవల. సెప్టెంబరులో ఇచ్చింది. ఆస్పత్రిలో థోరా కళ్ళు అలిసిపోయాక అతనే పైకి చదివి వినిపించాడట. సగం దాటాక ఇక వినే ఓపిక కూడా లేకపోయింది. చివర ఏమవుతుందో చెప్పు అని అడిగింది. అతనికి అంత గబుక్కున చివరి పేజీలు వెతికి చదవడం చేతకాక, తనే ఒకటి కల్పించి చెప్పాడు. క్రిస్మస్ నాడు ఆ అక్క గోడ పగలగొట్టించింది, ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు, భోజనం చేశారు అని.

"ఏమంది?"

"కళ్ళు మూసుకునే నవ్వింది. 'నువ్వు అబద్ధం చెప్తున్నావు, మార్లిస్ ఇచ్చిన పుస్తకం అలా అయిపోదు' అంది." ఓర్విల్ టోపీని ఇంకో చుట్టు తిప్పాడు. "అసలు ఏమవుతుంది?"

గోడ అలాగే ఉంటుంది అంది మార్లిస్. ఇద్దరూ మాట్లాడుకోరు. ఒక చలికాలం చెల్లెలికి జబ్బు చేస్తే, రోజూ పొద్దున్నే గుమ్మం ముందు చీల్చిన కట్టెలు పేర్చి ఉంటాయి. ఎవరు పెట్టారో చెల్లెలికి తెలుసు. పొయ్యి వెలిగించుకుంటుంది. అంతే, అక్కడే అయిపోతుంది.

"అయితే థోరా చెప్పిందే నిజం" అన్నాడు ఓర్విల్. అతను కళ్ళు తుడుచుకోలేదు, అక్కడ మగవాళ్ళు తుడుచుకోరు, కిటికీలోంచి సరస్సు చూస్తున్నట్టు నిలబడ్డాడు. కాసేపయ్యాక, పందిపిల్ల మూడో భాగం వచ్చిందేమో కనుక్కోవాలని కియా బల్ల వైపు కదలబోయాడు.

మార్లిస్ ఆ నవల తెరిచి ఇరవై ఏడో పేజీ చూసింది. అక్కడ ఏమీ లేదు, ఉండదని తెలిసే చూసింది. ఆ నిమిషంలో ఆవిడకి కియా మీద అసూయ లేదు. థోరా మీద కూడా లేదు. ఉన్నదంతా తన ముందు టోపీ పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి మీద. థోరా పుస్తకం మూసి మొదట మాట్లాడింది ఇతనితో. ట్రక్కులో బట్టీపట్టి తెచ్చిన ఒకటి రెండు మాటలే తనకి దక్కాయి. బట్టీపట్టకుండా వదిలేసినవి, మర్చిపోయినవి, వంటింట్లో, మంచం పక్కన, ఇరవై ఏళ్ళ పాటు థోరా అన్నవన్నీ ఇతనే విన్నాడు. వాటిలో సగం అర్థం కూడా చేసుకోలేదు.

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తన కుర్చీని అతని ముందుకి లాగింది.

"కూర్చో ఓర్విల్" అంది. "థోరా ఇంకేమనేది?"